మోగని నల్లమెట్టు

ఆదివారం హార్మోనియం, మిగతా రోజుల్లో కుట్టుమిషను. బందరు పక్క గూడూరు దగ్గర పల్లెలో రత్నకుమారి పదకొండేళ్లుగా ఇలాగే బతుకుతోంది. చర్చి హార్మోనియంలో ఒక నల్లమెట్టు మోగదు. ఉప్పుగాలికి లోపల మోగే ఇత్తడి రేకు, రీడు, చిలుము పట్టింది. నొక్కితే ఊపిరి వదిలినట్టు గాలి వస్తుంది. ఆ స్వరం దగ్గర ఆమె పక్కనున్న తెల్లమెట్టు నొక్కేది. గుమ్మం దాకా రావలసిన పాట వీధిలోనే ఆగి, అక్కణ్ణుంచే ఇంట్లోకి దూకేది. జనం అలాగే నేర్చుకున్నారు.

ఈ ఏడు గుడ్‌ఫ్రైడేకి బందరులో నాలుగు చర్చిలు కలిసి పాడాలి. నేర్పడానికి బందరు నుంచి బెన్నీ అనే కుర్రాడు కీబోర్డుతో వచ్చాడు. మొదటి చరణంలోనే చెయ్యెత్తాడు.

"ఆగండాంటీ. నల్లవీ తెల్లవీ కలిపి పక్కపక్క మెట్ల మధ్య దూరం అర. ఒక మెట్టు దాటేస్తే ఒకటి. మీరు పాడేది ఒకటి, అర, ఒకటి, ఒకటి, అర, ఒకటి, ఒకటి. అదో రకం మైనర్ స్వరవరస. నా స్వరాల కాగితంలో ఉన్నది వేరే మైనర్. దానికి చివర ఒకటిన్నర, అర."

"మా రత్నం తప్పు చెప్పదు బాబూ. నీ కాగితమే ఎవరో తప్పు రాసుంటారు," అంది పాడేవాళ్లలో పెద్దావిడ రూతమ్మ. పదహారు తలలు ఊగాయి.

"పోనీ, ఆ లైను దగ్గర మీవాళ్లు ఊరుకోండి. మిగతా మూడు చర్చిలవాళ్లు పాడతారు," అన్నాడు బెన్నీ, మర్యాదగానే.

రత్నకుమారి చెయ్యి హార్మోనియం గాలితిత్తి మీదే ఉంది. తను నోరు మెదపకపోతే, బందరులో అందరి ముందూ వీళ్లు నోళ్లు మూసుకుని నిలబడాలి. చెబితే ఈ తలలు మళ్లీ ఇలా ఊగవు.

"కాగితం కరెక్టే," అంది. "ఈ మెట్టు మోగదు. పక్కది నొక్కాను. మీకదే వచ్చేసింది."

రూతమ్మ ముందుకొచ్చి ఆ మెట్టు నొక్కి చూసింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేమే?" అంది రూతమ్మ.

"మొదటి వారం సిగ్గేసింది పెద్దమ్మా. తర్వాత పాటే అలా అయిపోయింది."

"నా జాకెట్టు బిగుతైందంటే విప్పి మళ్లీ కుట్టలా? ఇదీ విప్పు. కానియ్."

మూడు వారాలు బెన్నీ కీబోర్డు మీద పాటను విప్పి కుట్టారు.

బందరులో ఆ లైను వచ్చింది. పదహారు గొంతులూ గుమ్మం దాకా వెళ్లి ఆగాయి, అక్కణ్ణుంచి అరడుగులో ఇంట్లోకి చేరాయి. రత్నకుమారి గొంతుకు మాత్రం ఇంకా పాతచోటే తెలుసు. అందుకని ఆ ఒక్క స్వరం దగ్గర పెదవులు మూసింది. పక్కన రూతమ్మ గట్టిగా పాడుతోంది.