తడి చెయ్యి ఎవరిది?

ఆవకాయ జాడీ మూత తీయగానే ఘాటుగా తగిలే ఆవపిండి, నువ్వులనూనె వాసనకి అందరికీ నోరూరుతుంది. నాకు ఇప్పటికీ ముందు గుండె ఝల్లుమంటుంది.

చమురు డబ్బుతో ఖతార్ అంతటా గోడలు లేస్తున్న రోజుల్లో మా నాన్న మెసయీద్‌లో ఇంజనీరు. ఆయన సైటులోనే మేస్త్రీ గంగారాం, నిజామాబాద్ వైపు మనిషి. శుక్రవారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకి కొబ్బరినూనె రాసుకుని, నాకూ తమ్ముడికీ ఖర్జూరాల పొట్లం పట్టుకుని పనివాళ్ళ క్యాంపు నుంచి మా క్వార్టర్‌కి భోజనానికి వచ్చేవాడు. మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. వేడన్నంలో అమ్మ ఆవకాయ కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. సెలవులకి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న ఆ ఒక్క జాడీ మళ్ళీ వేసవిదాకా రావాలి కాబట్టి, తడి చేత్తో దాని దరిదాపులకి వెళ్తే అమ్మ ఊరుకునేది కాదు.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక టీవీలో పాత ఫ్రెంచి సినిమా వేశారు. ఒక హత్య, ఒక అనుమానం, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తాపీగా ప్రశ్నలు వేసే పోలీసు అధికారి. మాటలు ఫ్రెంచి, కింద అక్షరాలు అరబ్బీ, రెండూ మాకు రావు. అయినా నాన్న మొహాలు చూసి కథంతా చెప్పేశాడు, చెమట పట్టినవాడే హంతకుడని తేల్చేశాడు. సినిమా అయ్యేసరికి అమ్మ వంటింట్లోంచి జాడీ పట్టుకొచ్చింది. పైన తెల్లగా బూజు.

నాన్నకి సరదా పుట్టింది. కుర్చీ వేసి ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, తడి చెయ్యి ఎవరిదో చెప్పమని విచారణ మొదలుపెట్టాడు. నేను కాదని కళ్ళార్పకుండా అబద్ధమాడాను. బాబాయ్ వంతు వచ్చేసరికి పాపం నుదురంతా చెమట. దొరికావయ్యా అని నాన్న నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

"నాతోటే అయ్యుంటదమ్మా," అన్నాడు బాబాయ్ తలొంచుకుని.

తర్వాత రెండు శుక్రవారాలు ఆయన రాలేదు. ఆ దేశంలో ఆయన ఇల్లనుకుని వచ్చేది మా ఇల్లొక్కటే. కడుక్కున్న చెయ్యి తుడుచుకోకుండా ముక్క కోసం జాడీలో పెట్టింది నేనేనని, మూడో శుక్రవారం అన్నం ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పేశాను. నాన్న తిట్టలేదు. చెప్పులేసుకోమని, కారెక్కించి క్యాంపుకి తీసుకెళ్ళి, బాబాయ్ చేతులు పట్టుకుని తన తప్పు ఒప్పుకున్నాడు. నేను నాన్న వెనకాలే నిలబడ్డాను.

బాబాయ్ నా తల నిమిరాడు. "నువ్వు చెయ్యి వెట్టంగ చూసిన బిడ్డా. నువ్వే చెప్తవని ఊకున్న."

ఆ పూట మాతోపాటే వచ్చి, బూజు తీసేసిన ఆవకాయతోనే తృప్తిగా తిన్నాడు. కాంట్రాక్టు ముగిసి ఆయన, ఆ వెనకే మేమూ మన దేశానికి వచ్చేశాం. ఇప్పుడు ఆ క్యాంపు లేదు, మా క్వార్టర్ లేదు, నాన్నా లేడు. బాబాయ్‌ది ఏ ఊరో మేం ఏనాడూ సరిగా అడగలేదు. తప్పయింది బాబాయ్ అన్న రెండు ముక్కలు ఆ రోజు నా నోట రాలేదు. ఇవాళ చెప్దామన్నా ఎక్కడని వెతకను?