మామ ఆఖరున పట్టుకున్న యాక్సిల్

మా మేనమామ పోయాడు. సూర్యాపేటలో పాత జీపుల సామాను అమ్మేవాడు. పొద్దున కొట్లోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఒడిలో యాక్సిల్ చివరను గుప్పిట బిగించి కనిపించాడట. "నీ జీపుకే సూస్తుండె బిడ్డా" అంది అత్తమ్మ ఫోన్లో.  యాక్సిల్ కావాలని అడిగింది నేనే.

ఆ జీపులో మా తమ్ముడు తుంగతుర్తి దిక్కు నాట్ల కూలీలను తిప్పుతాడు. చక్రాన్ని తిప్పే కడ్డీయే యాక్సిల్. దాని చివర చుట్టూ కోసిన పళ్ళు లోపలి గేరులో ఇముడుతాయి. అందరూ పళ్ళు లెక్కబెట్టి, పొడవు కొలిచి కొనుక్కుపోతారు. మామ మాత్రం కళ్ళు మూసుకుని పళ్ళు తడుముతూ, ఎవరో ఏదో చెబుతున్నట్టు తలాడించేవాడు. అబ్బో, అప్పుడు పలకరిస్తే తిట్లే! "కొత్తదా పాతదా అనడుగుడు కాదురా, ఎంత మోసిందో అడుగు" అనేవాడు.

ఒకసారి కోదాడ నుంచి నేనే ఒకటి తెచ్చాను. పళ్ళు సరి, పొడవు సరి. మామ ముట్టుకుని టక్కున చెయ్యి తీసేశాడు.

"బరువుకు మెలిబడ్డది. పళ్ళు ఒరిగినయ్."

"నాకేం కనిపిస్తలేదు మామా."

"కండ్లకు దొరకదిరా. ఇది ఇరిగిందంటే చక్రం ఊడి ముందుకు పోతది. జీపుల మనుషులుంటరు."

ఒళ్ళు మండిపోయినా తిరిగిచ్చేశాను. అమ్మినవాడు దాన్ని మిర్యాలగూడ జీపు ఒకదానికి అంటగట్టాడు. దామరచర్ల రోడ్డు మీద ఒక చక్రం తన జీపును దాటుకుని ఒంటరిగా పరుగెత్తిందని తర్వాత విన్నాం. మామకు చెబితే ఆశ్చర్యపోలేదు. "ఎవరన్న మిగిలిన్రా?" అన్నాడు, అంతే. ఈ రోజు మా తమ్ముడు నా పక్కన ఉన్నాడంటే అది మామ పెట్టిన భిక్షే.

మేం వెళ్ళేసరికి అత్తమ్మ ఆ యాక్సిల్‌ను గోడకు ఆనించి ఉంచింది. "మీ మామ ఆఖరుకు ఏరిపెట్టింది, తీస్కపోండ్రి" అంది. తెల్లారితే నాట్లు, కూలీలు ఎదురుచూస్తారు. ఆయన సరే అనుకున్నాడో, వద్దనుకున్నాడో ఎవరికి తెలుసు? నేనూ తడిమి చూశాను. చల్లగా ఉంది, అంతా సరిగ్గానే అనిపించింది.

స్నానం చేయించేటప్పుడు, బిగిసిన ఆయన గుప్పిలిని నేనే మెల్లగా విప్పాను. అరచేతిలో పళ్ళ అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. అన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి.

తమ్ముడి చేతిలో చెంబు ఆగిపోయింది. "వద్దంటుండు అన్నా" అన్నాడు.

ఎన్ని నీళ్ళు పోసినా ఆ గీతలు చెదరలేదు. అరచెయ్యి మావైపే తెరుచుకుని ఉంది.