మా ఇంటి పులిగోరు

నా కూతురు మెడలో పులిగోరు వేసుకున్న ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది నేనే. కోరుట్లలో నాతోపాటు బడిలో పనిచేసే టీచరు అది చూసి వెంటనే ఫోన్ చేసింది. "అసలుదైతే ఇంట్ల ఉంచుకున్నా నేరమే అక్కా. ముందుగాల ఫొటో తీసెయ్" అంది. తీసేశాను. అప్పటికే మా చుట్టాలంతా చూశారు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. గేటు ముందు జీపు ఆగితే చాలు, కిటికీ సందులోంచి తొంగి చూసేదాన్ని. గోరును బియ్యం డబ్బాలో దాచాను. మర్నాడు తీసి చీరల మడతల్లో పెట్టాను. మా ఆయన గోదావరిలో పారేద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అది వాళ్ల నాన్నది. వెల్గటూర్ దగ్గరి పల్లెలో మగ్గం నేసిన మా తాత, తెల్లదొరల కాలంలో పులిని కొట్టాడని అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం. నేనైతే బళ్లో పిల్లలకు కూడా చెప్పాను.

చివరికి భయం భరించలేక, అమ్మను వెంటబెట్టుకుని జగిత్యాలలో అటవీ ఆఫీసుకు వెళ్లి గోరును బల్ల మీద పెట్టాను. అధికారి కాగితం తీసి, పులిని ఎవరు చంపారని అడిగాడు. తాత పేరు చెప్పబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మా నాయిన కొట్టలే సారూ. నిజాం సర్కారు పిలిస్తె మెహమాన్‌గ వచ్చిన తెల్లదొర కొట్టిండు. మా నాయినను, ఆయన అన్నను మగ్గాల మీదికెళ్లి లేపి వెట్టికి గుంజుకపోయిండ్రు, డప్పులు కొట్టుకుంట పులిని తోలెటందుకు. దొర తుపాకి గుండు సక్కగ తాకలే. దెబ్బతిన్న పులి మా పెదనాయిన మీద పడ్డది."

పులి తోలు, తల దొర పట్టుకుపోయాడట. చనిపోయిన అన్నకు బదులుగా తాత ఇంటికి ఒక్క గోరు పంపించారట. పులిని కొట్టినోడని ఊరంతా అంటుంటే తాత కాదనలేదు. పోయే ముందు అమ్మకొక్కదానికే చెప్పాడు.

అధికారి రాయడం ఆపి విన్నాడు. పరీక్షకు పంపుతామని, కేసు సంగతి పైవాళ్లు చూస్తారని చెప్పి మా ఇద్దరి సంతకాలు తీసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. కేసు భయం ఒకటే కాదు. ఓ మనిషి చావును బిడ్డ మెడలో నగలా వేసి మురిసిపోయానన్న బాధ కూడా.

చివరికి ఆ అధికారే ఫోన్ చేశాడు. గోరు అసలుదే. మా అంతట మేమే అప్పగించాం కాబట్టి కేసు లేదన్నాడు. దాన్ని ఏం చేస్తారో కనుక్కోమంది అమ్మ. అట్లాంటివన్నీ కలిపి కాల్చేస్తామన్నాడు.

అమ్మకు ఆ మాట చెప్పాను. చావు కబురు విన్నప్పటిలాగా, ఆమె లేచి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది.