తాళంచెవి తీస్తే నడిచిన బండి

మొన్న గద్వాలలో అకాల వానకు తడిసి నా స్కూటర్ మొరాయిస్తే, మెకానిక్ దాని ముందుభాగం ఊడదీసి, రెండు తీగల కట్టలు కలిసేచోట ఉండే తెల్లటి ప్లాస్టిక్ కప్లరును విప్పి చూపించాడు. "జర చూడక్కా, లోపలంత చిలుం పట్టింది" అన్నాడు. తడిసిన రాగి, మాడిన ప్లాస్టిక్, పాత గ్రీజు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నేను వెనక్కి జరిగాను. స్కూటర్ వల్ల కాదు. పదేళ్ల వయసులో, ఒక ఉగాదినాడు, మా ఇంటి పంచలో సరిగ్గా ఇదే వాసన పీల్చాను.

మాది నేత ఇల్లు. ముందుగదిలో గుంటమగ్గం, గోడలకు వేలాడే రంగురంగుల పట్టు కండెలు, మూలన గంజి కుండ, పొద్దున లేచింది మొదలు పొయ్యి ఆరేదాకా టకటకమనే చప్పుడు. నాయినకు వాడలో ఒక పేరుండేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే కొత్త పడుగు పోగులను పాతవాటికి అతకాలి. పోగు జారకుండా వేళ్లు బూడిదలో అద్దుకొని, ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, పోగు తర్వాత పోగు మెలిపెట్టుకుంటూ పోవాలి. వేల పోగుల్లో ఒక్కటి వరస తప్పినా చీర మొత్తం చెడుతుంది. నాయిన అతికితే తప్పదని పక్కవీధి వాళ్లు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. ఆయన కూడా జొన్నరొట్టె తుంచుకుంటూ ఆ సంగతి రోజుకొకసారైనా మాకు గుర్తుచేసేవాడు, మేం మరిచిపోతామేమోనని.

ఆ ఏడు ఉగాది మర్నాడు వనపర్తిలో నాకు హాస్టలు బడి ప్రవేశ పరీక్ష. పది గంటలకు గేటు మూస్తారు. పుట్టుకతోనే నాది పిరికి గుండె, పైగా ఇంట్లో అందరి కళ్లూ నామీదే. "నా లెక్క ఈ గుంటల కాళ్లువెట్టి కూసోవద్దు బిడ్డా, నువ్వు సదువుకోవాలె" అని నాయిన నెలరోజులుగా జపం చేస్తున్నాడు. నేను ఎక్కాలు చదువుతూ నిద్రలో కూడా గొణిగేదాన్నని అమ్మ నవ్వేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

పండగకు రెండు రోజుల ముందు వడగండ్ల వాన పడింది. పంచలో నిలబెట్టిన మా పాత మోటారుసైకిలు ఆగిపోయింది. అది నూలు మూటలు, చీరల సంచులు మోసి మోసి అలిసిన బండి. తాళంచెవి తిప్పేచోట ఉన్న కప్లరు ఎండకు పగిలి ఉంది, వాన నీళ్లు లోపలికి చేరి నాలుగు తీగల మొనలూ పచ్చగా చిలుము పట్టాయి. పండగని మెకానిక్‌లంతా కొట్లు మూసుకున్నారు. "నాలుగు తీగలు గద! నాలుగువేల పోగులు అతికెటోన్ని, గివి అతకలేనా?" అన్నాడు నాయిన.

అమ్మ లోపల భక్ష్యాలు కాలుస్తోంది. కాగిన నెయ్యి, ఉడికిన శనగపప్పు, బెల్లం వాసన ఒక పక్క, చిలుము వాసన ఇంకో పక్క. నాయిన కప్లరు రెండు ముక్కలనూ కోసి పారేసి, ఒక కట్టలోని నాలుగు తీగల మొనలను వరస చెదరకుండా నా వేళ్లసందుల్లో పెట్టి, కదలొద్దన్నాడు. తీగల రంగులు మసి, నూనె పట్టి అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. నేను అడిగితే, "రంగు మోసం జేస్తది బిడ్డా, వరస మోసం జెయ్యదు" అని వేళ్లు బూడిదలో అద్దుకున్నాడు. ఆయన టేపు కోసం లోపలికి వెళ్లగానే అమ్మ గడప దగ్గరికొచ్చి వేడి భక్ష్యం ముక్క నా ముందుకు చాచింది. నేను చెయ్యి చాచాను. తీగలు జారిపోయాయి. గబగబా ఏరుకొని, నాయిన వచ్చేలోగా మళ్లీ వేళ్లసందుల్లో ఇరికించుకున్నాను. వరస తిరగబడిందని తెలియలేదు. జారిందని మాత్రం తెలుసు. చెప్పలేదు.

నాయిన ఆ వరసలోనే అతికి టేపు చుట్టాడు, సాయంత్రం బండి లేవలేదు. నీళ్లు ఆరలేదేమో, తెల్లారితే అదే లేస్తుందన్నాడు నాయిన. తెల్లారింది. తాళంచెవి తిప్పి ఆయన కిక్కు కొడుతూనే ఉన్నాడు, నేను పెన్నులు, అట్ట, భక్ష్యాల డబ్బా పట్టుకొని గడపలో నిలబడే ఉన్నాను, వనపర్తి బస్సు మా సందు చివర హారన్ కొట్టి వెళ్లిపోయింది. "బస్సుకన్నా పోతుంటిరి గద, ఎంత పరేషాన్ జేస్తివయ్యా!" అని అమ్మ తల పట్టుకుంది. నాయిన కోపంతో తాళంచెవి పీకి జేబులో వేసుకొని, బండిని తిట్టి, చివరిగా ఒక్క తన్ను తన్నాడు. బండి లేచింది!

తాళంచెవి లేకుండా బండి ఎట్లా నడుస్తోందో నాయినకూ, వెనక ఎక్కి కూర్చున్న నాకూ అర్థం కాలేదు, ఆపి చూసే ధైర్యమూ లేదు. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, కింద సన్నబడిన కృష్ణ, పెబ్బేరు దాటాక చింతచెట్లు, ఏదీ కంటికి ఆనలేదు. ఇంజన్ చప్పుడు కాస్త మారితే చాలు నాయిన వీపు బిగుసుకుపోయేది, నేను ఆయన చొక్కా ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. చేరేసరికి పదిన్నర దాటింది. నాయిన గేటు దగ్గర కావలివాని గడ్డం పట్టుకుని బతిమాలితే లోపలికి వదిలారు. చివరి రెండు పేజీల లెక్కలు ముట్టుకోకముందే గంట కొట్టారు. నాలుగు మార్కులతో సీటు పోయింది.

పండగ అయ్యాక మెకానిక్ టేపు విప్పి చూసి పడీపడీ నవ్వాడు. "తీగలు మొత్తం ఉల్టా కట్టినవ్ పెద్దాయన, గందుకే చెవి తిప్పితే బంద్ అయితుంది, తీస్తే నడుస్తుంది" అన్నాడు. నాయిన నవ్వలేదు. తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. నేను ఆ పక్కనే ఉన్నాను. ఆ తర్వాత ఆయన ఎవరి పడుగూ అతకలేదు. "నా చేతి వరస తప్పింది, వేరేటోల్లను పిల్సుకోండ్రి" అనేవాడు. మా మగ్గానికే పక్కింటాయన వచ్చి అతికేవాడు. ఆయన అతుకుతుంటే నాయిన బయట అరుగు మీద కూర్చునేవాడు.

నేనేమీ చెడిపోలేదు. గద్వాల బడిలోనే చదివి అంగన్‌వాడీ టీచరునయ్యాను. ఇప్పుడు గుంట పూడ్చి టైల్స్ వేయించాం, మగ్గం కట్టెలు పొయ్యిలోకి పోయాయి, బూడిద కావాలన్నా దొరకని గ్యాసు వంటిల్లు మాది. నాయిన పోయి మూడేళ్లయింది. ఆఖరి వారం దవాఖానలో నేను పెరుగన్నం తినిపిస్తుంటే, చూడవచ్చిన చుట్టంతో, "నా చేతితోనే పిల్ల సదువు ఖరాబ్ జేసుకుంటి" అన్నాడు. జారింది నా చేతి నుంచి నాయినా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో ముద్ద కలిపి ఆయన నోటికి అందించి, "తిను నాయినా" అన్నాను.