సొట్టల సర్వేయరు గారు

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకే సర్వేయరు గారు జేబులోంచి కొలత టేపు పద్నాలుగు సార్లు తీశారు. పిల్లల రోబో పోటీల్లో ఒక యంత్రం ఇంకోదాన్ని గుద్దితే తక్కిన రిఫరీలు తప్పెవరిదో చెయ్యెత్తి చూపించి, కాగితం మీద రెండు ముక్కలు గీకి ఊరుకుంటారు. ఈయన మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని సొట్ట కొలుస్తారు.

ముప్పై ఒక్క ఏళ్ళు బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న లారీలనూ కార్లనూ పరీక్షించిన మనిషి. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. ఆయన్ని ఈ పోటీలకు తెచ్చిన పాపం మేనకోడలిదే. ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, ఇక్కడ ప్రధాన రిఫరీ. ఆఖరి క్షణంలో ఒక రిఫరీ జ్వరమని మంచమెక్కితే, మొహమాటం లేకుండా అడగడానికి ఆవిడకు మావయ్య ఒక్కరే కనిపించారు.

ఆవిడ తిప్పలు ఆవిడవి. సాయంత్రం ఆరింటికల్లా నలభై రెండు మ్యాచ్‌లు ముగించి హాలు తాళాలు అప్పజెప్పాలి. గుద్దుడు జరిగితే రిఫరీ నివేదిక రాసి సంతకం పెట్టేదాకా తర్వాతి మ్యాచ్ మొదలుపెట్టకూడదని నిబంధన. ఆ నిబంధన రాసిందీ ఆవిడే. అరనిమిషం పనే కదా అనుకుంది. అప్పటికి మావయ్య సంగతి తట్టలేదు.

మొదటి గుద్దుడికే సర్వేయరు గారు రిమోట్ పట్టుకున్న కుర్రాణ్ణి పక్కకు పిలిచారు.

"ఎటునుంచి వస్తున్నావు బాబూ?"

"ఎదురుగానే సార్."

"హారన్ కొట్టావా?"

"దీనికి హారన్ లేదు సార్."

"లేదు అని రాసుకుంటున్నా. ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావు?"

"మంగళవారం నుంచి సార్."

అదీ రాసుకున్నారు. ఆ తర్వాత ప్రమాదస్థలం బొమ్మ గీస్తూ ఉత్తరం ఎటని అడిగారు. హాల్లో రెండొందల మంది ఉన్నారు, ఒక్కరికీ తెలియదు. ఎవరో ఫోన్ తీసి చూసి చెప్పేదాకా పెన్ను కదల్లేదు.

ఇంత చిన్న గీతకి అంత రాత దేనికని మేనకోడలు విసుక్కుంది. నష్టం చిన్నదైనా కాగితం నిండుగా ఉండాలని, పైవాళ్ళు చూసేది కాగితమేనని ఆయన నచ్చజెప్పారు. కొన్ని గుద్దుళ్ళకు రెండు నిమిషాల్లో లేచేవారు, కొన్నిటికి పది నిమిషాలైనా లేచేవారు కాదు. మనిషి ధోరణే అంత అని ఆవిడ సరిపెట్టుకుంది.

క్వార్టర్ ఫైనల్స్ వచ్చేసరికి అయిదైంది. ముగ్గురు అమ్మాయిలు చేసిన 'పీత' అనే రోబోను, 'రోడ్డు రోలర్' అనే భారీ యంత్రం మూలకు నెట్టి ఒక్క గుద్దు గుద్దింది. నెట్టడం తప్పు కాదు కనుక ఎవరికీ శిక్ష పడలేదు. పీత చెయ్యి మాత్రం మొదలంటా విరిగింది. క్వార్టర్స్‌లో ఒక్కో జంటకు రెండేసి మ్యాచ్‌లు కనుక తర్వాతిదీ ఆ రెంటికే. పిలిచినప్పుడు బరిలో లేకపోతే పీత ఇంటికే. అమ్మాయిలు దాన్ని మోసుకుని మరమ్మతు బల్ల దగ్గరికి పరిగెత్తారు.

సర్వేయరు గారు మాత్రం చెక్కుచెదరని రోడ్డు రోలర్ ముందు చతికిలబడి టేపు తీశారు.

"సార్, మా దానికేం కాలేదు," అన్నాడు దాని డ్రైవరు.

"నువ్వంటే సరిపోదు బాబూ. పైకి కనబడని దెబ్బలుంటాయి."

ముందు కొలిచారు, వెనక కొలిచారు. మళ్ళీ ముందు కొలిచారు. ఎనిమిది నిమిషాలు గడిచాయి. మైకు పట్టుకున్నాయన చెప్పిందే మూడోసారి చెబుతున్నాడు. మేనకోడలికి ఓపిక నశించింది. టేపు లాక్కుందామనే విసవిసా వచ్చి పక్కన కూర్చుంది.

నోటుబుక్కు తెరిచే ఉంది. అందులో సొట్ట లోతులూ లేవు, పొడవులూ లేవు. తీగ ఊడితే నాలుగు నిమిషాలు, చక్రం వంగితే ఏడు, చెయ్యి విరిగితే పదమూడు అని వరసగా రాసి ఉంది. పొద్దుట్నుంచి ఏ జట్టు దేన్ని ఎంతసేపట్లో బాగుచేసుకుందో ఆ లెక్క. ఆయన ఆమె వైపు చూడలేదు. వీపు వెనక బల్లకేసి గడ్డం తిప్పి, గొంతు తగ్గించి అడిగారు.

"స్క్రూలు ఎక్కాయా అమ్మాయ్? నేను తిరిగి చూస్తే బాగుండదు."

ఆవిడ బల్లవైపు చూసింది. నాలుగు స్క్రూల్లో రెండే ఎక్కాయి. మైకు ఆయన ఇంకెంతసేపు మేడమ్ అని అడుగుతున్నాడు. ఆవిడ లేచి, నివేదిక పూర్తి కాలేదని, నిబంధన నిబంధనేనని గట్టిగా చెప్పింది. మళ్ళీ వంగింది.

"ఎడమ పక్క కొలిచారా మావయ్యా?"

"లేదమ్మా."

"మరి కొలవండి."

పదమూడో నిమిషాన పీత బరిలోకి వచ్చింది. ఆడి, నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది. హాలు తాళాలు ఆరూ ఇరవైకి అప్పజెప్పారు. రిజిస్టరులో ఆలస్యానికి కారణం అన్నచోట ప్రధాన రిఫరీ 'కొలతలు' అని రాసి సంతకం పెట్టింది.