తెల్లకళ్ల ఈగలు

మా మనవరాలు జన్యుశాస్త్రంలో పడటానికి కారణం నేను చెప్పిన ఒక అబద్ధం.

ఎనిమిదేళ్లప్పుడు అది, అమ్మమ్మకు చెవుడు ఎందుకొచ్చిందని అడిగింది.

"అమ్మమ్మ వాళ్ల తాత రాజుగారి ఫిరంగి పక్కన కునుకు తీశాడే. ఆ మోత వంశంలో అందరి చెవుల్లో ఇరుక్కుపోయింది" అన్నాను.

కాసేపు ఆలోచించి, "ఫిరంగి పేలేటప్పటికి అమ్మమ్మ వాళ్లమ్మ పుట్టిందా తాతయ్యా?" అంది.

మర్నాడు లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో వంశవృక్షం గీసి, చెవుడున్న వాళ్ల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి తెచ్చింది.

ఆ సున్నాలే దాన్ని లాక్కుపోయాయి. బీఎస్సీలో జంతుశాస్త్రం, ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం, పీహెచ్‌డీలో పండ్ల ఈగలు. ఈగ మీసాలతో వింటుందట. ఈ మాట మాత్రం నేను కల్పించింది కాదు. వయసు మళ్లగానే చెవుడొచ్చే ఈగల సంతతిని మనవరాలు నాలుగేళ్లు పెంచింది. గుర్తు కోసం వాటికి తెల్లకళ్లు. మామూలు ఈగలవి ఎర్రవి.

ఒకసారి ప్రయోగశాలలో సీసాలకు బూజు పట్టి ఆ సంతతి తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది, జాగ్రత్తకని ఇంటికి తెచ్చుకున్న ఒక్క సీసా. అదే వారం అది వంటింటి గట్టు మీద మా ఆవిడ కంటపడింది.

"అమ్మమ్మా, ముట్టుకోకు" అని పక్కగదిలోంచి అరిచింది మనవరాలు. వినబడితేగా. ఆవిడ దూది బిరడా పీకి, లోపల ఈగలకు మేతగా పెట్టిన గుజ్జు పారబోసి, సీసా తళతళలాడేలా కడిగి బోర్లించింది.

మనవరాలు పరుగెత్తుకొచ్చి, ఖాళీ సీసా ఎత్తి చూసింది.

"నేనేం చేశానే?"

"నా చదువు కడిగేశావు."

"గట్టిగా చెప్పు."

"ఏం లేదులే అమ్మమ్మా."

ఎగిరిపోయిన ఈగల కోసం వంటింటి తలుపులు మూసి, మగ్గిన అరటిపండు గ్లాసులో వేసి, మూతికి కాగితపు గరాటు పెట్టాం. సాయంత్రానికి ఇరవై ఈగలు చిక్కాయి. భూతద్దంతో చూస్తే తెల్లకళ్లవి అయిదు. అందులో ఆడవి రెండు. వాటి పిల్లల్నీ, ఆ పిల్లల పిల్లల్నీ పరీక్షించి, సంతతి అదేనని తేల్చుకున్నాకే మనవరాలు కడుపునిండా తిన్నది. ఆ రెండు ఈగలే పీహెచ్‌డీని గట్టెక్కించాయి.

ఇప్పుడు పోస్ట్‌డాక్టరల్ పరిశోధకురాలు. ఈగల్ని వదిలి, తరతరాలుగా చెవుడు వచ్చే కుటుంబాల రక్తనమూనాలు పరిశీలిస్తోంది. మొదటి నమూనా వాళ్ల అమ్మమ్మదే. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ చిన్న గొట్టం ఇంకా ఫ్రీజర్లో భద్రంగా ఉందట.

ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు, పాత అలవాటుకొద్దీ అరిచి మాట్లాడుతుంది. "తాతయ్యా, వినిపిస్తోందా?"

నా చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అయినా, వాళ్ల అమ్మమ్మలాగే "గట్టిగా చెప్పు" అంటాను.

అది ఇంకా గట్టిగా చెబుతుంది.