శేఖర్ కోసం పాడిన పాట

నెల్లూరులో తెల్లవారుజామున చెన్నై రైలెక్కేటప్పుడే నాకీ ప్రయాణం ఇష్టం లేదు. ఓ హాకీ లీగ్ జట్టుకు ఆటగాళ్లను చూసిపెట్టడం నా పని. వేలం దగ్గరపడింది. పోయిన వేలంలో పెద్ద ధర పెట్టి కొన్న మా గోల్‌కీపర్ ఎం. శేఖర్ మోకాలు ఎలా ఉందో పుదుచ్చేరి వెళ్లి చూసి, అతణ్ణి మళ్లీ కొనాలో వద్దో సాయంత్రానికల్లా చెప్పమన్నారు యజమానులు.

చెన్నైలో కోయంబేడు బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, సముద్రం వెంట పోయే పుదుచ్చేరి బస్సెక్కాను. టికెట్ బస్సులోనే ఇస్తారు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, సముద్రం కనిపిస్తుంది. నాకు కుడివైపే దొరికింది. పక్క సీటులో యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తున్న గుమాస్తా. నా పనేమిటో, శేఖర్‌ని ఎంతకు కొన్నామో విని నవ్వాడు.

“గోల్‌కీపర్‌కి అంత డబ్బెందుకండీ? ఆ సొమ్ముతో ఇద్దరు ఫార్వర్డ్‌లు వచ్చేస్తారు కదండీ.”

మా యజమానులదీ ఇదే మాట. ఫార్వర్డ్ గోలు కొడితే పేరు తెరమీద పడుతుంది. కీపర్ ఆపిన బంతిని ఇంటికెళ్లేసరికి మర్చిపోతారు, వదిలిన బంతిని మాత్రం నెలంతా తిప్పి తిప్పి చూపిస్తారు.

“ఫార్వర్డ్ పొరపాటు చేస్తే వెనకాల సర్దేవాళ్లుంటారు. కీపర్ వెనకాల వల తప్ప ఇంకేం ఉండదండీ. ఆ ధర అందుకే” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. దారిలో మరక్కాణం ఉప్పుమడులు రాకముందే నిద్రపోయాడు.

మధ్యాహ్నం దిగి, ఆటోలో సోలై నగర్ చేరాను. శేఖర్ వాళ్లది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. తల్లి జయమ్మ ఆస్పత్రిలో ఆయా. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. చేపల పులుసుతో అన్నం పెట్టింది.

“ఏందన్నా, అంతేనా తినేది? యాడి నుంచో వస్తివి, బాగా తిను.”

ఆమె నన్నింత ఆదరించడానికి ఓ కారణముంది. పోయిన వేలం రోజు హాల్లోంచి ఆమెకు ఫోన్ చేసింది నేనే. “మీవాడి కోసం ముగ్గురు పోటీపడి పాడారమ్మా” అన్నాను. ఇక్కడివాళ్లు తమిళంలో వేలాన్ని ‘ఏలం’ అంటారు. అందులో ధర పలకడాన్ని మనం పాడటం అంటామని ఆమెకు తెలియదు. పెద్దమనుషులు ముగ్గురు లేచి నిలబడి తన కొడుకు మీద నిజంగానే పాట కట్టి పాడారనుకుంది. వీధంతా చెప్పుకుంది. శేఖర్ ఆ పొరపాటు దిద్దలేదు, నాకూ మనసొప్పలేదు.

భోజనమయ్యాక నేనూ శేఖరూ మేడమీదకు వెళ్లాం. గోల్లో నిలబడ్డట్టు వంగి, కుడికి కాలు చాపమన్నాను. చాపాడు, నవ్వుతూనే. తిరిగి లేచేటప్పుడు మాత్రం చెయ్యి పిట్టగోడ కోసం వెతుక్కుంది. పోయిన సెమీఫైనల్ షూటౌట్‌లో ఆ కాలే అలా చాపి బంతి ఆపాడు. మోకాలు పట్టు తప్పిందని ఎవరికీ చెప్పకుండా మిగతా బంతులకూ నిలబడ్డాడు. ఆ మ్యాచ్ మేం గెలిచాం. అతని మోకాలు మాత్రం మళ్లీ కుదురుకోలేదు.

“మీకు తెలిసిపోయింది గదా సార్” అన్నాడు.

“తెలిసిందయ్యా.”

“అమ్మకు చెప్పొద్దు సార్. నేనే చెప్తా, మెల్లగా.”

“సరే” అన్నాను. మెట్ల మీద అతనికి ముందు నేను దిగాను.

బయల్దేరేటప్పుడు జయమ్మ వీధి చివరిదాకా వచ్చింది. “అన్నా, ఆ పొద్దు నేను పాట వినలేకపోతిని. ఈ తూరి వాళ్లు పాడేటప్పుడు ఫోను పెట్టి నాకు వినిపిస్తావా?”

“అట్లాగేనమ్మా” అన్నాను. ఆటో ఎక్కాను.

తిరుగు బస్సులో ఉండగా యజమానుల్లో ఒకాయన ఫోన్ చేశాడు. శేఖర్‌ని మళ్లీ కొనొద్దని చెప్పాను. “చూశారా, కీపర్‌కి అంత పెట్టడం దండగని అప్పుడే అన్నా” అన్నాడాయన. దండగ కాదు, ఆ మనిషి తీసుకున్న ప్రతి రూపాయికీ తగినవాడు అన్నాను. ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

ఈసారి సముద్రం వైపే సీటు దొరికింది గానీ, చీకటి పడిపోయింది. వేలం రోజున జయమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. హాల్లో, సొంత జట్టే వదులుకున్న శేఖర్ పేరు చదువుతారు. ఎవరూ పాడరు. ఆ పాడనివాళ్లలో నేనూ ఉంటాను.